ఫ్రైబర్గ్ కెథడ్రల్ ఆర్గన్: జిల్బర్మన్ కట్టిన 44 స్టాపులు

(డ్రెస్డెన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల కోసం చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండి. వచ్చే శనివారం మనం ఫ్రైబర్గ్ వెళ్తున్నాం. అక్కడి కెథడ్రల్‌లో పైప్ ఆర్గన్, అంటే గాలితో వేల పైపుల్ని మోగించే వాద్యం, వినబోతున్నాం. దాని లోపల ఏముందో కొంచెం తెలిసి వింటే ఆ వినడమే వేరు. అందుకే ఈ మాటలు.

ముందు ఒక జాగ్రత్త చెప్పాలి. టికెట్ తీసేటప్పుడు ఊరి పేరు పక్కన ‘జాక్సెన్’ (శాక్సనీ రాష్ట్రానికి జర్మన్ పేరు) అని ఉందో లేదో చూసుకోండి. ఫ్రైబుర్గ్ అని ఇంకో ఊరుంది, అది జర్మనీకి ఆ చివర, స్విట్జర్లాండ్ దగ్గర. మనం వెళ్లేది ఇక్కణ్ణించి రైల్లో ముప్పావు గంట కూడా పట్టని ఊరు. మన పిల్లలు కొందరు అక్కడి మైనింగ్ యూనివర్సిటీలో చదువుతున్నారు, వాళ్లకి దారి బాగా తెలుసు.

అది వెండి గనుల ఊరు. 1168లో అక్కడ వెండి దొరికింది. ఆ వెండితోనే ఊరు పెరిగింది, శాక్సనీ పాలకుల ఖజానా నిండింది. ఇప్పుడు మనం చూసే కెథడ్రల్, 1484లో ఊళ్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక మళ్లీ కట్టినది. ఆ గుడిలో 1710లో కొత్త ఆర్గన్ కావాలనుకున్నారు. ఎవరికిచ్చారు ఆ పని? 27 ఏళ్ల కుర్రాడికి. పేరు గాట్‌ఫ్రీడ్ జిల్బర్మన్. 1683 జనవరి 14న అక్కడికి దగ్గర్లోనే క్లైన్‌బోబ్రిట్ష్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి వడ్రంగి. అన్న ఆండ్రియాస్ స్ట్రాస్‌బుర్గ్‌లో స్థిరపడి ఆర్గన్లు కడుతుంటే, తమ్ముడు వెళ్లి ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు. ఒప్పందం రాసుకున్నది 1710 అక్టోబర్ 8న. అప్పటికి శాక్సనీలో ఆయన ఒక్క ఆర్గన్ కూడా పూర్తి చెయ్యలేదు! ఫ్రౌయెన్‌స్టైన్‌లో మొదటిది పూర్తయింది 1711లో. ఆలోచించండి, మూడు కీబోర్డులూ, కాళ్లతో వాయించే పెడలూ ఉన్న అంత పెద్ద వాద్యాన్ని ఆ వయసువాడి చేతుల్లో పెట్టారు.

1714 ఆగస్టు 20న అది మోగింది. దాన్ని పరీక్షించడానికి వచ్చినవారిలో యోహాన్ కూనావ్ ఒకరు. లైప్‌జిగ్ టోమాస్ చర్చిలో సంగీతం నడిపించే కాంటర్ పదవిలో ప్రసిద్ధ సంగీతకర్త బాఖ్‌కి ముందు ఉన్నది ఆయనే. బాఖ్ కూడా ఇక్కడ వాయించాడా అని ఎప్పుడూ అడుగుతారు. వాయించినట్టు ఆధారం లేదండి. బాఖ్ వాయించినది మన డ్రెస్డెన్‌లో ఉన్న జిల్బర్మన్ ఆర్గన్లు: 1725లో జోఫియన్ చర్చిలో, 1736 డిసెంబర్ 1న ఫ్రౌయెన్ చర్చిలో. ఆ రెండూ 1945 బాంబు దాడుల్లో పోయాయి. ఇక్కడి హోఫ్ చర్చిలో ఆయన కట్టిన ఆర్గన్ పైపుల్ని మాత్రం ముందే విప్పి దాచారు కాబట్టి మిగిలాయి. జిల్బర్మన్ కట్టినవి యాభై దాకా ఉంటాయి, అందులో ముప్పైకి పైగా ఇంకా మోగుతున్నాయి. పెద్దవాటిలో అన్నిటికంటే తక్కువ మార్పులు జరిగినది ఫ్రైబర్గ్‌దే. అందుకే ప్రపంచం నలుమూలల నుంచీ వాయించేవాళ్లు అక్కడికి వస్తారు.

గాలి ఎటు నుంచి ఎటు పోతుంది

మన చర్చిల్లో హార్మోనియం చూడని తెలుగువాళ్లు ఉండరు. హార్మోనియంలో తిత్తి ఊదితే గాలి ఇత్తడి రీడు మీదుగా పోతుంది, రీడే మోగుతుంది. గట్టిగా ఊదితే గట్టిగా పలుకుతుంది. పైప్ ఆర్గన్‌లో ఆ పని కుదరదు. ఇక్కడ గాలి ఒత్తిడి ఎప్పుడూ ఒకేలా ఉండాలి. ఒత్తిడి పెరిగితే శబ్దంతోపాటు శ్రుతి కూడా పైకి పోతుంది. అందుకే పెద్ద పెద్ద తిత్తులు, వాటి మీద బరువులు. ఆ కాలంలో మనుషులు కాళ్లతో తొక్కి తిత్తుల్ని పైకి లేపేవాళ్లు. తిత్తి తన బరువుతో నెమ్మదిగా దిగుతూ గాలిని ఒకే తీరున పంపేది. ఇప్పుడు ఆ తొక్కే పని మోటారు చేస్తుంది.

ఆ ఒత్తిడి ఎంతనుకుంటున్నారు? చాలా తక్కువండి. ఆ కాలపు ఆర్గన్లలో మామూలుగా 60 నుంచి 100 మిల్లీమీటర్ల నీటిని నిలబెట్టేంత. మనం నోటితో అంతకంటే చాలా ఎక్కువ ఊదగలం. అంత పెద్ద గుడిని నింపేది గాలి బలం కాదు, పైపుల సంఖ్య, వాటి కొలతలు.

గాలి తిత్తి నుంచి పెద్ద చెక్క పెట్టెలోకి వస్తుంది. పైపులన్నీ ఆ పెట్టె మీదే నిలబడి ఉంటాయి. పెట్టె లోపల ఒక్కో మెట్టుకి ఒక్కో గాడి. గాడి కింద తోలు అతికించిన మూత, దాన్ని మూసి ఉంచే స్ప్రింగు. వాయించేవాడు మెట్టు నొక్కితే, ఆ మెట్టు నుంచి మూత దాకా వెళ్లిన సన్నటి చెక్కపుల్ల లాగుతుంది, మూత తెరుచుకుంటుంది, గాడిలోకి గాలి వస్తుంది. కరెంటు లేదు, నడుమ ఏదీ లేదు. వేలికీ మూతకీ మధ్య ఉన్నది పుల్లే. అందుకే ఇలాంటి ఆర్గన్ మీద వాయించేవాళ్లు మూత తెరుచుకునే ఆ క్షణాన్ని వేలి కొసన పట్టుకోగలరు.

మరి గాడిలోకి గాలి వచ్చింది కదా, ఆ గాడి మీద ఉన్న పైపులన్నీ ఒకేసారి మోగవా? మోగవు. గాడికీ పైపులకీ మధ్య పొడుగాటి చెక్క పట్టీలున్నాయి, వాటికి చిల్లులున్నాయి. వాయించేవాడు పక్కనున్న గుబ్బ లాగితే పట్టీ జరుగుతుంది, చిల్లు చిల్లు ఎదురెదురుగా వస్తాయి, అప్పుడే ఆ వరస పైపులకి గాలి. ఆ గుబ్బనే స్టాప్ అంటారు. హార్మోనియం ముందు మనం లాగే గుబ్బల పేరూ ఇక్కణ్ణించి వచ్చిందే. పైపు మోగాలంటే రెండు తలుపులు తెరుచుకోవాలి, మెట్టుదొకటి, స్టాపుదొకటి. ఇది మనసులో పెట్టుకోండి, మిగతాదంతా తేలిక.

పైపులు లెక్కపెడదాం

44 స్టాపులు అన్నాం. పైపులు ఎన్ని? 2674 అని చెబుతారు. ఆ లెక్క ఎలా వస్తుందో మనమే చూద్దాం. అలా లెక్కపెడితే ఆర్గన్ మొత్తం మనకి తెలిసిపోతుంది.

చేతి కీబోర్డులు మూడు. ఒక్కోదానికి 48 మెట్లు, నాలుగు స్థాయిలు. అన్నిటికంటే కిందనున్న మెట్టు తర్వాత రావాల్సిన నల్ల మెట్టు లేదు, అక్కడ ఆ స్వరం పెట్టలేదు. ఎందుకు? ఆ కాలపు సంగీతంలో దాని అవసరం బహు తక్కువ, పైగా ఒక్కో వరసలో అన్నిటికంటే పొడుగైన, ఖరీదైన పైపుల్లో ఒకటి మిగులుతుంది. కాళ్లకి 24 మెట్లు.

మొదటిది హౌప్ట్‌వెర్క్, అంటే ప్రధాన విభాగం. ఇందులో 13 స్టాపులు. పేర్ల పక్కనున్న అంకెలు అడుగులు, వాటి సంగతి తర్వాత చెబుతాను. ఒక్కో మెట్టుకి ఒక్కో పైపు ఉండే వరసలు ఎనిమిది: బోర్డున్ 16, ప్రిన్సిపాల్ 8, వియోలా ద గాంబా 8, రోర్‌ఫ్లోటె 8, ఒక్టావ 4, క్వింటా 3, సూపర్‌ఒక్టావ 2, టెర్ట్సియా. ఎనిమిది నలభై ఎనిమిదులు 384. తర్వాత మిక్స్‌టూర్, ఇందులో మెట్టుకి నాలుగు పైపులు, 192. త్సింబెల్న్, మెట్టుకి మూడు, 144. కోర్నెట్, మెట్టుకి ఐదు. అయితే కోర్నెట్ నడిమి నుంచి పైకి 25 మెట్లకే, కాబట్టి 125. చివరికి రీడు పైపులు, ట్రొంపేటె 8, క్లారిన్ 4, కలిపి 96. మొత్తం 941.

రెండోది ఓబర్‌వెర్క్, పైన ఉండేది. ఇందులోనూ 13. క్వింటాడేన్ 16, ప్రిన్సిపాల్ 8, గెడాక్ట్ 8, క్వింటాడేన్ 8, ఒక్టావ 4, స్పిట్స్‌ఫ్లోటె 4, సూపర్‌ఒక్టావ 2, ఫ్లాష్‌ఫ్లోట్ 1. ఇక్కడా 384. మిక్స్‌టూర్‌కి మెట్టుకి మూడు, త్సింబెల్న్‌కి రెండు, ఎకో కోర్నెట్‌కి ఐదు, అదీ 25 మెట్లకే. రీడులు రెండు, క్రుమ్‌హార్న్, వోక్స్ హుమానా. కూడితే 845.

మూడోది బ్రుస్ట్‌వెర్క్, వాయించేవాడి ఎదురుగా రొమ్ము ఎత్తులో ఉండేది. తొమ్మిది స్టాపులు. గెడాక్ట్ 8, ప్రిన్సిపాల్ 4, రోర్‌ఫ్లోటె 4, నసాట్ 3, ఒక్టావ 2, టెర్ట్సియా, ఒకటిన్నర అడుగుల క్వింటా, సుఫ్లోట్ 1, మెట్టుకి మూడు పైపుల మిక్స్‌టూర్. 528. ఇందులో రీడు ఒక్కటీ లేదు, గమనించండి.

పెడల్‌కి తొమ్మిది. ఉంటర్‌జాట్స్ 32, దీనికి 16 అడుగుల వరస కూడా జత చేసి ఉంది, అంటే మెట్టుకి రెండు పైపులు. ప్రిన్సిపాల్‌బాస్ 16, జుబ్‌బాస్ 16, ఒక్టావ్‌బాస్ 8, ఇంకో ఒక్టావ్‌బాస్ 4, మెట్టుకి ఆరు పైపుల మిక్స్‌టూర్, రీడుల్లో పొజౌనెన్‌బాస్ 16, ట్రొంపేటెన్‌బాస్ 8, క్లారిన్‌బాస్ 4. మొత్తం 360.

కూడండి: 941, 845, 528, 360. సరిగ్గా 2674.

ఈ అడుగులేమిటి?

8 అడుగులు అంటే, ఆ వరసలో అన్నిటికంటే కింది మెట్టుకి పలికే తెరిచిన పైపు దాదాపు ఎనిమిది అడుగుల పొడుగని. ఆ స్టాపు మనం నొక్కిన మెట్టుకి మామూలుగా ఏ స్వరం రావాలో దాన్నే పలుకుతుంది. 4 అడుగులు అంటే ఒక స్థాయి పైన. 2 అంటే రెండు స్థాయిలు పైన. 16 అంటే ఒక స్థాయి కింద. 32 అంటే రెండు స్థాయిలు కింద. ఫ్రైబర్గ్‌లో 32 అడుగుల వరసలో కింది స్వరం సెకనుకి దాదాపు 18 కంపనాలు. అది చెవికంటే ముందు బెంచీకి తెలుస్తుంది. అది చెక్కతో చేసి పైన మూత బిగించిన పైపు. మూత ఉంటే సగం పొడుగుతోనే అదే స్వరం వస్తుంది, చోటు కలిసొస్తుంది.

మరి 3 అడుగులేమిటి? ఒకటిన్నర ఏమిటి? టెర్ట్సియా ఏమిటి? సంగీతం నేర్చుకున్నవాళ్లు ఇక్కడ కొంచెం దగ్గరికి రండి. తంబూరా శ్రుతి బాగా కలిసినప్పుడు మంద్ర తీగలో ఏం వినిపిస్తుంది? అంతర గాంధారం వినిపిస్తుంది. ఎవరూ మీటలేదు, అయినా ఉంది. స్వయంభూ గాంధారం అంటాం. ఒక తీగ మోగితే దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, ఐదింతల వేగంతో కంపనాలు కూడా దానిలోనే ఉంటాయి. రెండింతలు పై షడ్జమం, మూడింతలు ఆపై పంచమం, నాలుగింతలు ఇంకో షడ్జమం, ఐదింతలు గాంధారం. తంబూరాలో అవి వాటంతట అవే పుడతాయి. జిల్బర్మన్ వాటిని ఒక్కొక్కటిగా వేరే పైపులుగా చేసి నిలబెట్టాడు. 8 షడ్జమం అనుకుంటే 4 దాని పై షడ్జమం. 3 అని రాసినది నిజానికి రెండూ రెండు బై మూడు, అది పంచమం. 2 మళ్లీ షడ్జమం. టెర్ట్సియా ఒకటీ మూడు బై ఐదు, అదే గాంధారం.

ఇప్పుడు ఆ స్టాపుల జాబితా మళ్లీ గుర్తు తెచ్చుకోండి. హౌప్ట్‌వెర్క్‌లో 16, 8, 4, 3, 2, గాంధారం. అది నిచ్చెన. కోర్నెట్ స్టాపు ఒక్కటి లాగితే 8, 4, పంచమం, 2, గాంధారం ఐదూ ఒకే మెట్టు మీద మోగుతాయి. మీకు ఐదు వేరువేరుగా వినబడవు. కొమ్ము ఊదినట్టు ఒకే నిండు గొంతు వినబడుతుంది. దీన్ని ఆయన స్ట్రాస్‌బుర్గ్‌లో ఫ్రెంచి పద్ధతి నుంచి నేర్చుకున్నాడు. శాక్సనీవాళ్లకి ఇష్టమైన బరువైన పెడల్‌నీ, మెరిసే మిక్స్‌టూర్‌నీ దానితో కలిపాడు. నా దృష్టిలో ఈ వాద్యం గొప్పతనమంతా ఈ కలపడంలోనే ఉంది.

మూడు విభాగాలకీ ఒకే పేరున్న స్టాపులు ఉన్నాయి కదా, ఎందుకన్ని ప్రిన్సిపాల్‌లు? ఎందుకంటే కొలతలు వేరు. హౌప్ట్‌వెర్క్ పైపులు లావుగా, గంభీరంగా. ఓబర్‌వెర్క్‌వి పదునుగా. బ్రుస్ట్‌వెర్క్‌వి సున్నితంగా. పేరొకటే అయినా గొంతు ఒకటి కాదు. శనివారం వింటున్నప్పుడు వాయించేవాడు కీబోర్డు మారిస్తే శబ్దం గుడిలో ఎక్కణ్ణించి వస్తోందో కూడా మారుతుంది, అది పట్టుకోండి.

శ్రుతి ఇప్పటి పియానోకంటే చాలా ఎక్కువ. ఇవాళ 440 అనుకునే స్వరం అక్కడ దాదాపు 476. అరస్వరం దాటి ఇంకొంచెం పైన. అప్పట్లో గుళ్లలో ఆ శ్రుతి మామూలే. పైపు పొట్టిదవుతుంది కాబట్టి లోహమూ తగ్గుతుంది. ఇప్పటి వయొలిన్, ఇప్పటి ఫ్లూట్ తెచ్చి దీనితో కలిపి వాయించాలంటే మాత్రం ఇబ్బందే. చాలా ఆర్గన్లని తర్వాతి తరాలవాళ్లు ఈ కారణంగానే కోసి, అతికి పాడుచేశారు. ఫ్రైబర్గ్‌లో ఆ శ్రుతిని అలాగే ఉంచారు. స్వరాల మధ్య దూరాల పంపకం మాత్రం ఆయనది ఉన్నట్టు ఉంచలేదు. ఆయన పద్ధతిలో ఎక్కువ వాడే శ్రుతులు తియ్యగా, తక్కువ వాడేవి కటువుగా ఉండేవి. ఆ కటువుతనాన్ని ఆ రోజుల్లోనే జోర్గే అనే ఆర్గనిస్టు గట్టిగా విమర్శించాడు. ఇప్పుడున్నది దానికంటే మెత్తని పంపకం.

పైపు ఎలా చేస్తారు, ఏం పాడవుతుంది

లోహపు పైపంటే తగరం, సీసం కలిపిన రేకు. కరిగించిన లోహాన్ని అడుగు లేని చెక్కపెట్టెలో పోస్తారు. ఆ పెట్టెని పొడుగాటి చదునైన బల్ల మీద ఒకే వేగంతో లాక్కుంటూ పోతారు. వెనక పలచటి రేకు పరుచుకుంటుంది. వేగం తగ్గితే రేకు మందం మారిపోతుంది, మళ్లీ కరిగించాల్సిందే. గట్టిపడ్డాక చిత్రిక పడతారు. పైకి వెళ్లేకొద్దీ పలచగా, కిందకి మందంగా. కింద బరువు మోయాలి కదా. ఆ రేకుని గుండ్రటి దుంగ మీద చుట్టి అంచులకి మాటు పెడతారు. ఇక్కడో చిక్కుంది. మాటు లోహం కరిగే వేడికి రేకు కూడా కరిగిపోవచ్చు. అందుకని అంచుకి రెండు పక్కలా సుద్ద, జిగురు కలిపిన పూత వేసి ఆరనిస్తారు. మాటు ఆ పూత మీదికి పాకదు, సన్నటి గీతలో మాత్రమే పట్టుకుంటుంది.

తర్వాత నోరు కోస్తారు. కింది పెదవికీ లోపలి పలకకీ మధ్య సన్నని సందు, అందులోంచి గాలి పలచగా లేచి పై పెదవికి తగులుతుంది. పై పెదవిని ఎంత ఎత్తులో కోశారన్నదే పైపు గొంతు. ఎత్తు తక్కువైతే పదును, ఎక్కువైతే మెత్తన. ఎక్కువ కోస్తే వెనక్కి రాదు, పైపు పోయినట్టే. 2674లో రీడులు తీసేస్తే మిగతా అన్నిటికీ ఈ పని చేత్తో, చెవితో చెయ్యాలి.

ఇక పాడయ్యేవి. మొదటి శత్రువు చర్చి హీటర్. చలికాలం ఆదివారం పొద్దున్న ఒక్కసారిగా వేడి పెంచితే గాలి పొడిబారుతుంది, గాలి పెట్టె చెక్క ముడుచుకుని పగులుతుంది. పగులు పక్క గాడిలోకి పోతే, ఒక మెట్టు నొక్కితే పక్క స్వరం కూడా సన్నగా ఏడుస్తుంది. అందుకే వేడిని గంటకి ఒకటి, ఒకటిన్నర డిగ్రీలు మించకుండా పెంచమంటారు. తేమ ఎక్కువైతే ఇంకో బాధ. పుల్లలూ, పట్టీలూ ఉబ్బి పట్టేస్తాయి, మెట్టు వదిలినా మూత పడదు, స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. మూత మీద చిన్న రంపపు పొట్టు రేణువు చిక్కుకున్నా అంతే. స్ప్రింగు విరిగినా అంతే.

రీడు పైపులకి దుమ్మే గండం. ఇత్తడి నాలుక కింద ఒక్క నలుసు పడితే ఆ స్వరం మూగబోతుంది, లేదా గరగరమంటుంది. గుళ్లో గోడలకి సున్నం గీకుతుంటే ఆర్గన్‌ని కప్పి తీరాలి అనడం అందుకే. ఇంకొకటి శ్రుతి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే మామూలు పైపుల శ్రుతి అరస్వరంలో దాదాపు మూడో వంతు పైకి పోతుంది, రీడులు అంతగా కదలవు. రెండూ విడిపోతాయి. అప్పుడు వేల పైపుల్ని ముట్టుకోరు, కొద్దిపాటి రీడుల్నే వాటి దగ్గరికి తెస్తారు. పైపు కొసని శంకువుతో కొట్టి శ్రుతి సరిచేసే పాత పద్ధతిలో ప్రతిసారీ ఆ కొస కొంచెం నలుగుతుంది. మూడు వందల ఏళ్లు అలా కొడితే ఏం మిగులుతుంది? అందుకే మంచి పనివాడు వీలైనంత తక్కువ ముట్టుకుంటాడు.

1980ల మొదట్లో డ్రెస్డెన్‌కి చెందిన యేమ్లిష్ కంపెనీ దీన్ని పూర్తిగా విప్పి బాగుచేసింది. 2017లో జర్మనీ ఆర్గన్ తయారీనీ సంగీతాన్నీ కలిపి యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

శనివారానికి రెండు మూడు సూచనలు. ఆర్గన్ కింద కూర్చోకండి, శబ్దం తల మీదుగా పోతుంది. గుడి మధ్యలోకి, కొంచెం ముందుకి రండి. అక్కణ్ణించి తల తిప్పితే పైనున్న చెక్కపని కూడా కనిపిస్తుంది. దాని నమూనా గీసింది ఆ గుడి ఆర్గనిస్టు ఎలియాస్ లిండ్నరే. స్వెటర్ తప్పకుండా వేసుకోండి, ఎండాకాలమైనా లోపల చల్లగానే ఉంటుంది. అదే గుళ్లో ఒక చిన్న జిల్బర్మన్ ఆర్గన్ కూడా ఉంది, 14 స్టాపులది, 1719లో యోహానిస్ చర్చి కోసం కట్టినది, 1939లో ఇక్కడికి తెచ్చారు. పిల్లల్ని దాని దగ్గరికి తీసుకెళ్లండి, పైపులు దగ్గరగా కనిపిస్తాయి. టైముంటే పెట్రి చర్చికి కూడా నడవండి. అక్కడ ఆయన 1735లో కట్టిన 32 స్టాపుల ఆర్గన్ ఉంది. ఇరవై ఏడేళ్ల వయసులో మొదలుపెట్టినవాడు యాభై దాటాక ఎలా కట్టాడో పక్కపక్కనే వినొచ్చు. ఇక మీ ప్రశ్నలు అడగండి.